వైరు మీద ఉంది కదా అని ధీమా వద్దు: ఇంటి ఆఫీసు నెట్‌ని ఎక్కడ విడదీయాలి

ఇంట్లోనే ఆఫీసు పెట్టుకున్న ఒక అకౌంటెంటు ఇల్లు ఊహించుకోండి. విజయవాడ అయినా నల్గొండ అయినా పెద్ద తేడా ఉండదు. హాల్లో చెప్పుల స్టాండు పైన గోడకి ఫైబర్ బాక్సు, దాని వెనక నాలుగు పోర్టులు. ఒకదాంట్లోంచి పసుపు రంగు ల్యాన్ వైరు ముందుగదిలోని కంప్యూటర్‌కి వెళ్తుంది, క్లయింట్ల టాలీ (లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) డేటా మొత్తం అందులోనే. రెండో వైరు అసిస్టెంటు కూర్చునే కంప్యూటర్‌కి, మూడోది సీసీ కెమెరాల రికార్డింగు పెట్టెకి, అంటే డీవీఆర్‌కి. ఇక వైఫై మీద ఎన్ని ఉన్నాయో ఇంట్లోవాళ్లకే లెక్క తెలీదు: టీవీ, పిల్లల ట్యాబ్, నాలుగు ఫోన్లు, ప్రింటర్, పిలిస్తే వెలిగే బల్బులు రెండు, గీజర్‌కి పెట్టిన స్మార్ట్ ప్లగ్గు, పై వాటాలో అద్దెకున్న కుర్రాడి ల్యాప్‌టాప్ (పాస్‌వర్డ్ ఎప్పుడో లాక్‌డౌన్ రోజుల్లో చెప్పారు, ఆ తర్వాత ఎవరూ మార్చలేదు). అడిగితే వచ్చే జవాబు ఒకటే. డేటా అంతా వైరు మీదున్న సిస్టమ్‌లో ఉంది, వైఫైతో దానికేం సంబంధం?

సంబంధం ఉందో లేదో తేల్చుకోడానికి రెండు నిమిషాలు చాలు. కంప్యూటర్‌లో టాలీప్రైమ్ తెరిచి ఉంచి, వైఫై మీదున్న ఫోన్లో బ్రౌజర్ తెరిచి, ఆ కంప్యూటర్ ఐపీ అడ్రస్ కొట్టి, పక్కన కోలన్ పెట్టి 9000 (టాలీ వాడే తలుపు నంబరు) అని కొట్టండి. టాలీ సెట్టింగుల్లో కనెక్టివిటీ దగ్గర 'సర్వర్' అనో 'బోత్' అనో ఉండి, విండోస్ ఫైర్‌వాల్ అడ్డు చెప్పకపోతే, ఫోన్ తెర మీద ఒక్క లైను వస్తుంది: టాలీప్రైమ్ సర్వర్ ఈజ్ రన్నింగ్. పాస్‌వర్డేమీ అడగదు. వేరే ప్రోగ్రాములు తెరిచి ఉన్న కంపెనీ లెక్కలు అడిగి తీసుకోడానికి పెట్టిన దారి అది, కాబట్టి అది పనిచెయ్యడంలో తప్పేమీ లేదు. అయితే ఫోన్ ఆ లైను చూడగలిగిందంటే పై వాటా కుర్రాడి ల్యాప్‌టాప్ కూడా చూడగలదు, గీజర్ ప్లగ్గు కూడా తలచుకుంటే చూడగలదు.

ఇదెలా జరుగుతుందంటే, మామూలు ఇంటి రూటర్లో వెనకున్న ల్యాన్ పోర్టులూ, 2.4 గిగాహెర్ట్జ్ రేడియో, 5 గిగాహెర్ట్జ్ రేడియో, అన్నిటినీ కలిపి లోపల ఒక్కటే బ్రిడ్జిగా కట్టేస్తారు. పేరుకి తగ్గట్టే అది వంతెన. వైరు మీద వచ్చినా గాల్లో వచ్చినా పరికరాలన్నిటికీ 192.168.1 అంటూ ఒకే వరసలో అడ్రస్‌లు అందుతాయి, "ఫలానా అడ్రస్ ఎవరిది" అని ఒకటి కేకేస్తే ఆ కేక అన్నిటికీ వినపడుతుంది. ఒకే హాల్లో కొందరు కుర్చీల మీద, కొందరు చాప మీద కూర్చున్నట్టన్నమాట. కూర్చునే తీరే వేరు, హాలు ఒకటే. రూటర్ల కంపెనీ అలా కట్టడానికి కారణం కూడా సమంజసమే: ఫోన్లోంచి ప్రింట్ కొడితే ప్రింటర్‌కి వెళ్లాలి, టీవీకి వీడియో పంపితే వెళ్లాలి, పెట్టె తెరిచిన రోజే కస్టమర్ కేర్‌కి ఫోన్లు రాకూడదు.

అలాగని వైరుకీ వైఫైకీ తేడా లేదనడం కూడా తప్పే. తేడా ఉంది, జనం అనుకునే చోట లేదు, అంతే. వైరు మీద మాటలు వినాలంటే ఇంట్లోకొచ్చి వైరు పట్టుకోవాలి, వైఫై అయితే మెట్ల మీద కూర్చున్నవాడికీ అందుతుంది. ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అంటే, చాలా ఇళ్లలో ఇప్పటికీ నడుస్తున్న డబ్ల్యూపీఏ2 అనే వైఫై భద్రతా పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. అందరికీ ఒకే పాస్‌వర్డ్ కాబట్టి, ఆ పాస్‌వర్డ్ తెలిసి, ఇంకో పరికరం కనెక్ట్ అయ్యే క్షణాన్ని పట్టుకోగలిగినవాడు ఆ పరికరం మాటల్ని విప్పి చదవగలడు. 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 ఈ లోపాన్ని పూడ్చింది, కానీ బాక్సూ ఫోనూ రెండూ దాన్ని అర్థం చేసుకుంటేనే. ఇక స్పీడు సంగతి. వైఫై అంటే ఒక్క మైకు, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు ఆగాల్సిందే. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండే చానళ్లు 1, 6, 11, ఆ మూడే. కూకట్‌పల్లిలోనో బెంజ్ సర్కిల్ పక్కనో ఓ అపార్ట్‌మెంట్లో ఫోన్ తీసి చూస్తే ఆ మూడిట్లోనూ ఎన్ని ఇళ్ల పేర్లు కిక్కిరిసి ఉంటాయో తెలుస్తుంది. బల్బులూ ప్లగ్గులూ చాలావరకు ఈ 2.4 మీదే బతుకుతాయి. కాబట్టి పని చేసే కంప్యూటర్‌ని వైరు మీద పెట్టడం ముమ్మాటికీ మంచిదే. వీడియో కాల్ మధ్యలో గొంతు తెగిపోదు, 20వ తారీఖు సాయంత్రం జీఎస్టీ రిటర్ను అప్‌లోడ్ అవుతుండగా నెట్టు మింగెయ్యదు (పోర్టల్ మింగేస్తే అది వేరే సంగతి). అది స్పీడు కోసం చేసిన పని, దానివల్ల గోడేమీ లేవలేదు.

అసలీ గోడ గొడవ ఎందుకు, బల్బు వచ్చి టాలీ డేటా ఎత్తుకుపోతుందా అని ఎవరికైనా అనిపిస్తుంది. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (చెడు చేసే ప్రోగ్రామ్) ఇంటర్నెట్ మీద కనపడిన సీసీ కెమెరాలనీ డీవీఆర్‌లనీ రూటర్లనీ వెతుక్కుంటూ తిరిగింది. దాని దగ్గరున్న తంత్రం పెద్దదేమీ కాదు, అడ్మిన్-అడ్మిన్, రూట్-12345 లాంటి ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లు 60కి పైగా ఉన్న ఒక చిట్టా. అలా పోగుచేసిన పరికరాలతో ఆ ఏడాది అక్టోబర్ 21న, సైట్ల పేర్లకి అడ్రస్‌లు చెప్పే డైన్ అనే కంపెనీ మీద దాడి చేస్తే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి చాలామందికి గంటల తరబడి తెరుచుకోలేదు. ఆ డీవీఆర్‌ల యజమానులకి మాత్రం కెమెరాలు ఎప్పట్లాగే కనపడుతున్నాయి, తమ ఇంట్లో పెట్టె ఎవడి కొలువులో ఉందో వాళ్లకి తెలీదు. డీవీఆర్ సాధారణంగా వైరు మీదే ఉంటుందని ఇక్కడ గుర్తుపెట్టుకోవాలి.

రెండో సంగతి మనకి దగ్గరది. 2017 మే 12న మొదలైన వానాక్రై అనే రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే ప్రోగ్రామ్), విండోస్‌లో ఫోల్డర్లు షేర్ చేసుకునే 445వ పోర్టు (వైరు గుచ్చేది కాదు, సాఫ్ట్‌వేర్ తలుపు నంబరు) దారిన ఒక కంప్యూటర్ నుంచి పక్క కంప్యూటర్‌కి తనంతట తానే పాకింది. ఎవరూ ఏదీ క్లిక్ చెయ్యక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కూడా కొన్ని జిల్లాల కంప్యూటర్లు దాని బారిన పడ్డాయి. మైక్రోసాఫ్ట్ ఆ లోపానికి మందు మార్చిలోనే ఇచ్చింది, వేసుకోనివాళ్లే పడ్డారు. ఇప్పుడు ఆ అకౌంటెంటు ముందుగదికి రండి. టాలీ మల్టీయూజర్ అంటే చాలాచోట్ల జరిగేది ఒకటే: డేటా ఉన్న ఫోల్డర్ని షేర్ చేసి, పర్మిషన్ దగ్గర 'ఎవ్రీవన్', దాని పక్కన 'ఫుల్ కంట్రోల్' టిక్కు పెట్టేస్తారు, అసిస్టెంటు సిస్టమ్‌లో ఓపెన్ అయ్యేదాకా ఓపిక ఉండదు కాబట్టి. ఒకసారి అసిస్టెంటు సిస్టమ్‌లోకి రాన్సమ్‌వేర్ దిగితే ఆ ఫోల్డర్లో రాసే హక్కు దానికీ వచ్చేసినట్టే.

మూడోది ఇంటి ఆఫీసుల గురించే. పాస్‌వర్డ్‌లు దాచిపెట్టే లాస్ట్‌పాస్ కంపెనీ మీద 2022లో జరిగిన రెండో దాడిలో, దొంగలు కంపెనీ గోడలు బద్దలుకొట్టలేదు. ముఖ్యమైన తాళాలు అందుబాటులో ఉన్న నలుగురు ఇంజనీర్లలో ఒకరి ఇంటి కంప్యూటర్ మీద పడ్డారు. ఆ కంప్యూటర్‌లో సినిమాలు చూసుకోడానికి పెట్టుకున్న మీడియా సాఫ్ట్‌వేర్‌లో పాత లోపం ఒకటి అలాగే ఉండిపోయింది, దాని తయారీ సంస్థ ప్లెక్స్ దాన్ని 2020లోనే సరిచేసింది, అప్‌డేటే పడలేదు. ఆ దారిన లోపలికొచ్చి కొట్టే ప్రతి అక్షరాన్నీ రాసుకునే ప్రోగ్రామ్ ఎక్కించారు. సినిమాల సరదా, జీతం వచ్చే పని, రెండూ ఒకే చోట ఉన్నందుకు పడిన మూల్యం అది.

ఇక్కడ నిజాయితీగా ఒక మాట చెప్పుకోవాలి. ఇంటి ఆఫీసుల్లో ఎక్కువ నష్టాలు బల్బుల వల్ల రావు, ఇన్‌వాయిస్ అని మెయిల్లో వచ్చిన ఫైల్ని పని కంప్యూటర్‌లోనే తెరవడం వల్ల వస్తాయి. నెట్‌వర్క్‌ని ఎన్ని ముక్కలు చేసినా ఆ క్లిక్కుని అది ఆపలేదు. గోడ చేసేది ఒక్కటే, ఒక గదిలో మంట అంటుకుంటే పక్క గదికి పాకనివ్వకపోవడం. అంతవరకే ఆశిస్తే అది పెట్టే శ్రమకి తగిన పనే.

సరే, విడదీయాలి. వైర్లన్నీ ఒక పక్క, వైఫై అంతా ఒక పక్క అంటే వినడానికి తేలిగ్గా ఉంటుంది, బొమ్మ గియ్యడానికీ బాగుంటుంది. కానీ ఆ గీత తప్పు చోట పడుతుంది. డీవీఆర్ వైరు మీద ఉంటుంది, ఇంట్లో అన్నిటికన్నా నమ్మకూడని పెట్టె అదే. ఐదారేళ్ల కింద కొన్నది, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అన్న మాటే ఎరగదు, బిగించినవాడు పెట్టిన పాస్‌వర్డ్ అతనికి తప్ప ఎవరికీ గుర్తుండదు. ఐపీ కెమెరా అయితే ఇంకా విచిత్రం: గేటు దగ్గర స్తంభానికి బిగించిన కెమెరా వెనక ల్యాన్ వైరు ప్లగ్గు ఉంటుంది, దాన్ని పీకి తన ల్యాప్‌టాప్‌కి గుచ్చుకున్నవాడు వీధిలో నిలబడి ఇంటి లోపలి నెట్‌వర్క్‌లో ఉన్నట్టే. ఇలాంటి వైరు వైఫై కన్నా బలహీనం, వైఫైకి కనీసం పాస్‌వర్డ్ ఉంది. ఇటుపక్కన, అకౌంటెంటు గారు సోఫాలో కూర్చుని పనిచేసుకునే ల్యాప్‌టాప్ వైఫై మీదే ఉంటుంది, అది మాత్రం నమ్మకమైన పక్కనే ఉండాలి. అంటే గీత వైరుకీ గాలికీ మధ్య కాదు, డబ్బూ డేటా ఉన్నవాటికీ అవి లేకపోయినా నడిచేవాటికీ మధ్య. వైరు-వైఫై విభజన దానికి దగ్గరగా ఉంటుంది కాబట్టి సగం ఇళ్లలో సరిపోయినట్టు కనపడుతుంది, మిగతా సగంలో డీవీఆర్ దగ్గర దెబ్బ తింటుంది.

ఇంకో వింత, హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల ఇళ్లలో కనపడేది. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్‌ని ఏ పక్కన పెట్టాలి? ముఖ్యమైనది కదా అని ఇంటి కంప్యూటర్ల పక్కనే పెడతారు. నిజానికి దానికి ఇంట్లో దేనితోనూ పని లేదు. ఇంటర్నెట్ దొరికితే వీపీఎన్ వేసుకుని కంపెనీకి వెళ్లిపోతుంది. పైగా దాంట్లో ఏం నడుస్తుందో తెలిసేది కంపెనీ ఐటీ వాళ్లకి, ఇంటివాళ్లకి కాదు. గెస్ట్ వైఫై ఇలాంటి వాటికి సరిగ్గా సరిపోతుంది, ముఖ్యమైన ల్యాప్‌టాప్‌ని గెస్ట్‌లో పెట్టడమేంటని మనసొప్పకపోయినా సరే.

ఆ గెస్ట్ వైఫైతోనే మొదలుపెట్టడం మంచిది, పైసా ఖర్చు లేదు. అసలైన గెస్ట్ నెట్‌వర్క్ చేసే పనేంటంటే, ఆ పేరు మీద కనెక్ట్ అయినవాటికి ఇంటర్నెట్ ఇచ్చి, ఇంట్లో మిగతావాటిని కనపడనివ్వదు. అసలైన అని ఎందుకనాల్సి వచ్చిందంటే, నెట్టు కంపెనీలు ఇచ్చే కొన్ని బాక్సుల్లో రెండో పేరు పెట్టుకోనిస్తారు గానీ అది ఉత్త రెండో పేరే, లోపల అదే బ్రిడ్జి, అదే హాలు, ఇంకో గుమ్మం. మరికొన్నిట్లో 'గెస్టులకి లోకల్ నెట్‌వర్క్ చూపించు' అనే టిక్కు ఉంటుంది, అది పెట్టి ఉంటే గెస్ట్ అన్న మాటకి అర్థం లేదు. 'ఏపీ ఐసొలేషన్' అని ఇంకోటి కనపడుతుంది, దాన్ని చూసి మోసపోయేవాళ్లు ఎక్కువ. అది వైఫై మీదున్న పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడకుండా ఆపుతుంది, వైఫై నుంచి వైరు మీదున్న కంప్యూటర్‌కి పోయే దారిని చాలా రూటర్లలో అలాగే వదిలేస్తుంది. టాలీ ఉన్నది వైరు మీదే కదా. ఇక గెస్ట్ వైఫైకి ఉన్న మౌలికమైన లోటు, వైరు మీదున్న డీవీఆర్‌ని అందులోకి తోసే దారి ఉండదు.

అందుకని ఇంటి ఆఫీసుకి ఎక్కువగా నప్పేది రెండో రూటరు పద్ధతి. పాత రూటరు ఒకటి అల్మారాలో పడి ఉంటుంది, లేదా మామూలుది ఒకటి కొనొచ్చు. ఫైబర్ బాక్సు ల్యాన్ పోర్టు నుంచి ఒక వైరు తీసి కొత్త రూటరు వాన్ (ఇంటర్నెట్ వైపు) పోర్టులో గుచ్చాలి. రంగు వేరుగా ఉండి, కాస్త ఎడంగా ఉంటుంది ఆ పోర్టు. మిగతా నాలుగిట్లో ఒకదాంట్లో గుచ్చితే ఇంటర్నెట్ వస్తే రావచ్చు, పనిచేస్తున్నట్టే కనపడుతుంది, కానీ అప్పుడది రూటరు కాదు, వైర్లని కలిపే నాలుగు పోర్టుల స్విచ్ మాత్రమే. పాత హాలే ఇంకొంచెం పెద్దదైంది. పైగా ఇద్దరూ అడ్రస్‌లు పంచడం మొదలుపెడితే కాసేపు నెట్టు వస్తుంది, కాసేపు రాదు, ఎందుకో ఎవరికీ అర్థం కాదు. నెట్టు బిగించడానికొచ్చే కుర్రాళ్లు చాలామంది అలవాటుగా ఇలాగే గుచ్చి పోతారు, సిగ్నల్ పెంచడం వరకైతే అది సరిపోతుంది కాబట్టి వాళ్లనీ అనలేం.

వాన్ పోర్టులో గుచ్చాక వచ్చే మొదటి చిక్కు, రెండు పెట్టెలూ ఒకే అడ్రస్ వరస వాడటం. చాలా బాక్సులకి అడ్రస్ 192.168.1.1, జియో ఫైబర్ వాటికి 192.168.29.1. కొత్త రూటరు కూడా 192.168.1.1 అనే అంటే దానికి ఇల్లేదో బయటేదో తెలీదు. కొన్ని రూటర్లు తమంతట తామే వరస మార్చుకుంటాయి, మార్చుకోకపోతే కొత్తదాన్ని 192.168.50.1 లాంటి దానికి మార్చేస్తే గొడవ వదిలిపోతుంది.

ఇక అసలు ప్రశ్న, దేన్ని ఎక్కడ పెట్టాలి. సహజంగా తట్టే ఆలోచన ఇది: పాత బాక్సు మీద ఆఫీసు ఎలా ఉందో అలా ఉండనిచ్చి, అనుమానమున్న కెమెరాలనీ బల్బులనీ తీసుకెళ్లి కొత్త రూటరు వెనక బంధించేద్దాం. ఇది పూర్తిగా తలకిందులు. రూటరు లోపలున్నవాటిని బయటివాళ్ల నుంచి కాపాడుతుంది, లోపలివాళ్లు బయటికి వెళ్లడాన్ని ఆపదు. కొత్త రూటరు దృష్టిలో ఫైబర్ బాక్సు మీదున్నదంతా బయటి ప్రపంచమే, గూగుల్ ఎంతో పక్కగదిలోని టాలీ కంప్యూటర్ అంతే. కాబట్టి లోపల బంధించామనుకున్న డీవీఆర్ చక్కగా గుమ్మం దాటొచ్చి టాలీ కంప్యూటర్ తలుపు తట్టగలదు, కంప్యూటర్ మాత్రం తిరిగి డీవీఆర్‌ని చూడలేదు. దొంగని ఇంట్లో పెట్టి, తాళం లోపలివైపు బిగించినట్టు. సరైన పద్ధతిలో ఆఫీసు కంప్యూటర్లు రెండూ, సోఫా ల్యాప్‌టాప్, కొత్త రూటరు వెనక్కి వెళ్లాలి. డీవీఆర్, టీవీ, బల్బులు, పై వాటా కుర్రాడు ఫైబర్ బాక్సు మీదే ఉండిపోవాలి. అప్పుడు ఆఫీసు నుంచి డీవీఆర్ పేజీ తెరుచుకుంటుంది, డీవీఆర్ నుంచి ఆఫీసు తెరుచుకోదు. కావలసింది సరిగ్గా అదే.

ఇలా చెయ్యడంలో శ్రమ తగ్గించే చిన్న కిటుకు ఉంది. వైఫై పాత పేరూ పాత పాస్‌వర్డూ అనుమానపు పక్కకే వదిలెయ్యండి, ఆఫీసుకి కొత్త పేరు పెట్టండి. బల్బులు, ప్లగ్గు, టీవీ, బంధువుల ఫోన్లు, అన్నిటికీ పాత పేరు తెలుసు, వాటిని కదపక్కర్లేదు. స్మార్ట్ ప్లగ్గుని మళ్లీ జత చెయ్యడమంటే కుర్చీ ఎక్కి గీజర్ దగ్గర బటన్ ఐదు సెకన్లు నొక్కి పట్టుకుని ఫోన్లో యాప్‌తో కుస్తీ పట్టడం, ఆ అనుభవం ఉన్నవాళ్లకి ఈ కిటుకు విలువ తెలుస్తుంది. మార్చాల్సినవి రెండు మూడు ఆఫీసు పరికరాలే. ఇన్నేళ్లలో ఇంటికొచ్చి పాస్‌వర్డ్ అడిగి వెళ్లినవాళ్లంతా వాళ్లంతట వాళ్లే గోడకి అవతల ఉండిపోతారు.

డబుల్ నాట్ అని ఒక అభ్యంతరం వినపడుతుంది (లోపలి పరికరాలన్నిటినీ బయటికి ఒకే అడ్రస్ మీద చూపించడం నాట్). రెండు రూటర్లు ఉంటే బయటి నుంచి ఇంట్లోకి పోర్టు తెరవడం కష్టం, కొన్ని గేములకి ఇబ్బంది అని. నిజమే గానీ, మన దగ్గర చాలా కనెక్షన్లకి నెట్టు కంపెనీ దగ్గరే ఒక నాట్ ఉంటుంది, చాలా ఇళ్లకి కలిపి ఒకే పబ్లిక్ అడ్రస్ ఇస్తారు, కాబట్టి పోర్టు తెరిచే యోగం చాలామందికి ముందే లేదు. అకౌంటెంటుకి దీనివల్ల పోయేదేమీ ఉండదు. అసలు పట్టించుకోవాల్సింది ఐపీవీ6 అనే కొత్త తరం అడ్రస్‌ల పద్ధతిని. దాంట్లో ఒక్కో పరికరానికి సొంత పబ్లిక్ అడ్రస్ వస్తుంది, నాట్ చాటున దాక్కోవడం ఉండదు, కాపాడేది ఫైర్‌వాల్ ఒక్కటే. కొత్త రూటర్లో ఐపీవీ6 ఫైర్‌వాల్ ఆన్‌లో ఉందో లేదో చూసుకోవాలి, ఆ సెట్టింగే కనపడకపోతే లోపలి రూటర్లో ఐపీవీ6 ఆపేసినా ఆఫీసు పని ఆగదు.

ఈ ఏర్పాటులో మిగిలిపోయే లోటు కూడా ఉంది. ఆఫీసు మాటలన్నీ ఫైబర్ బాక్సు మీదుగానే బయటికి వెళ్తాయి, అక్కడున్న చెడ్డ పరికరం "ఫైబర్ బాక్సుని నేనే" అని అబద్ధమాడి ఆ మాటలు తన చేతుల మీదుగా పోయేలా చెయ్యగలదు. బ్యాంకులూ జీఎస్టీ పోర్టలూ హెచ్‌టీటీపీఎస్ (మాటలకి తాళం వేసి పంపే పద్ధతి) మీద నడుస్తాయి కాబట్టి లోపలి సంగతి చదవలేదు, ఏ సైటుకి వెళ్తున్నారో మాత్రం గమనించొచ్చు. ఇది కూడా వద్దనుకుంటే మూడో రూటరు తెచ్చి, అనుమానపు పక్కని దాని వెనక పెట్టి, ఫైబర్ బాక్సు మీద ఏ పరికరమూ లేకుండా చెయ్యాలి. ఇంగ్లీషు వై అక్షరంలా ఉంటుంది ఆ బొమ్మ. చాలా ఇళ్లకి అంత అవసరం రాదు.

పెద్ద ఆఫీసులు ఇదే పనిని వీల్యాన్‌లతో చేస్తాయి. ఒకే స్విచ్, ఒకే వైరు, కానీ ప్రతి ప్యాకెట్టుకీ 4 బైట్ల చీటీ అంటించి ఇది ఆఫీసుది, ఇది కెమెరాది అని వేరు చేస్తారు. 802.1క్యూ అనే ఆ పద్ధతిలో 1 నుంచి 4094 దాకా నంబర్లు వాడుకోవచ్చు, ఇంటికి మూడు చాలు. దీనికి వీల్యాన్ తెలిసిన రూటరు, సెట్టింగులు మార్చుకోనిచ్చే స్విచ్, ఒక్కో వైఫై పేరుని ఒక్కో వీల్యాన్‌కి కట్టగలిగే యాక్సెస్ పాయింట్ (వైఫై ఇచ్చే పెట్టె) కావాలి. ఓపెన్ డబ్ల్యూఆర్‌టీ అనే ఉచిత రూటరు సాఫ్ట్‌వేర్ ఎక్కించిన రూటరు ఒక్కటే ఈ మూడు పనులూ చెయ్యగలదు. ఆసక్తి ఉంటే ఇంతకన్నా చక్కటి మార్గం లేదు, గేటు కెమెరా పోర్టుని విడిగా ఒక వీల్యాన్‌లో పెట్టేస్తే వీధిలో ల్యాప్‌టాప్ గుచ్చినవాడికి కెమెరాల గది తప్ప ఇంకేమీ దొరకదు. కానీ ఇక్కడ చాలామంది పడే గొయ్యి ఒకటుంది. వీల్యాన్ విడదీస్తుంది, రూటరు మళ్లీ కలుపుతుంది. రెండు వీల్యాన్‌ల మధ్య దారి చూపడమే రూటరు పని కదా, వద్దని ఫైర్‌వాల్ రూలు రాసేదాకా కొన్ని రూటర్లు ఆ దారి తెరిచే ఉంచుతాయి. వేర్వేరు అడ్రస్ వరసలు కనపడుతున్నాయి కదా అని గోడ లేచిందనుకుంటారు, నేల మీద ముగ్గుతో గీసిన గీత అది. అలాగే ఏ పోర్టు ఏ వీల్యాన్‌లో ఉందో ఆరు నెలల తర్వాత ఇంట్లో ఒక్కరికే గుర్తుంటుంది, ఆ ఒక్కరూ ఊళ్లో లేనిరోజే ఏదో ఒకటి ఆగిపోతుంది. అకౌంటెంటు ఇంటికి రెండో రూటరే మేలు, వైరు చూస్తే చాలు ఏది ఎటు పోతుందో తెలిసిపోతుంది.

ఏ పద్ధతిలో విడదీసినా మర్నాడు వచ్చే ఫిర్యాదు ప్రింటర్ గురించే. ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ప్రింటర్‌ని వెతుక్కునే పద్ధతి, టీవీని వెతుక్కునే పద్ధతి, ఎండీఎన్ఎస్ అనే కేక మీద ఆధారపడి ఉంటుంది, ఆ కేక ఒక నెట్‌వర్క్ గోడ దాటి అవతలికి వినపడదు. ప్రింటర్ నిజంగానే మధ్యలో ఉండే పరికరం: పాత సాఫ్ట్‌వేర్‌తో నడిచేది కాబట్టి నమ్మలేం, రోజూ కావాలి కాబట్టి వదల్లేం. రెండో రూటరు పద్ధతిలో దాన్ని బయటి పక్కనే ఉంచి, బాక్సులో దానికి మారని ఐపీ అడ్రస్ కేటాయించి, ఆఫీసు కంప్యూటర్‌లో ప్రింటర్‌ని పేరుతో కాకుండా ఆ అడ్రస్‌తో జోడిస్తే సరిపోతుంది. లోపలి నుంచి బయటికి దారి ఉందిగా, పిల్లల ప్రాజెక్టు ప్రింట్లూ ఆగవు. స్కాన్ చేసి నేరుగా కంప్యూటర్ ఫోల్డర్లోకి పంపే సౌకర్యం మాత్రం పోతుంది, ఎందుకంటే అది ప్రింటర్ తలుపు తట్టే పని. దానికి బదులు కంప్యూటర్ నుంచే స్కాన్ నొక్కడం అలవాటు చేసుకోవాలి. ఆఫీసు వాడకం ఒక్కటే అయితే యూఎస్‌బీ వైరు గుచ్చేసి వైఫై ఆపెయ్యడం అన్నిటికన్నా హాయి.

గోడ కట్టాక కూడా లోపల చెయ్యాల్సినవి కొన్ని ఉంటాయి. టాలీ ఫోల్డర్ షేరింగ్‌లో ఎవ్రీవన్ తీసేసి అసిస్టెంటుకి ఒక యూజర్ పేరు పెట్టడం, సోఫా ల్యాప్‌టాప్‌కి షేరింగ్ అక్కర్లేదు కాబట్టి విండోస్‌లో ఆ నెట్‌వర్క్‌ని 'పబ్లిక్' అని పెట్టడం, వేరే సాఫ్ట్‌వేర్‌తో పని లేకపోతే టాలీలో ఆ 9000 సర్వర్‌ని ఆపెయ్యడం, ఫైబర్ బాక్సులో యూపీఎన్‌పీ ఆపెయ్యడం (డీవీఆర్ తనంతట తాను బయటికి పోర్టు తెరుచుకునే దారి అదే), డీవీఆర్ పాస్‌వర్డ్ మార్చడం. ఈ చివరి పని చాలా ఇళ్లలో ఎందుకు జరగదంటే పాత పాస్‌వర్డ్ తెలిసినవాడి ఫోన్ నంబరు ఎవరి దగ్గరా ఉండదు.

కరెంటు సంగతి కూడా ఉంది. ఇన్వర్టర్ లైన్లో లేని ఇళ్లలో ఫైబర్ బాక్సుకి చిన్న యూపీఎస్ పెట్టుకుంటారు. రెండో రూటరు వచ్చాక దానికీ కరెంటు కావాలి, లేకపోతే కరెంటు పోయినప్పుడు పిల్లల యూట్యూబ్ నడుస్తుంది, ఆఫీసు ఆగిపోతుంది. రెండు అవుట్‌పుట్లు ఉన్న యూపీఎస్‌లు దొరుకుతాయి, రెండు అడాప్టర్ల వోల్టేజీ చూసుకుని కొనాలి, ఒకటి 12 వోల్టులదీ ఇంకోటి 9 వోల్టులదీ అయ్యే అవకాశం ఉంది.

రూటరు బిగించాక ఫోన్ని పాత వైఫై పేరు మీద ఉంచి మొదట చేసిన పరీక్ష మళ్లీ చెయ్యాలి, ఈసారి కంప్యూటర్ కొత్త అడ్రస్ కొట్టి, టాలీలో సర్వర్ ఆపకముందే. ఆపాక చేస్తే గోడని పరీక్షించినట్టు కాదు. తెర మీద గుండ్రం తిరిగి తిరిగి, చివరికి పేజీ రాలేదని చెప్పాలి. వైరు పక్కన కూడా చూడాలి, డీవీఆర్ వెనక వైరు పీకి ఓ ల్యాప్‌టాప్‌కి గుచ్చి, దాని వైఫై ఆపేసి, అదే అడ్రస్ కొట్టాలి. అక్కడా రాకూడదు. కొత్త వైఫై పేరుకి మారితే రావాలి. ఏదో ఒక రోజు నెట్టు రావట్లేదని కంప్లైంట్ ఇస్తే, వచ్చిన కుర్రాడు ఫైబర్ బాక్సు మార్చేసి, వైర్లన్నీ తనకి తోచిన పోర్టుల్లో గుచ్చి, "వస్తోంది చూసుకోండి సార్" అని వెళ్లిపోతాడు. ఆ సాయంత్రం టాలీ సర్వర్‌ని కాసేపు ఆన్ చేసి ఈ పరీక్ష ఇంకోసారి చెయ్యాల్సిందే.